నత్తగారి ఫిర్యాదులు

శ్రీవారికి,

నేనూ అత్తయ్యా ఇక్కడ క్షేమం. వంతెన పని దగ్గర గాలి ఎక్కువన్నారు, మీరు చెవులకి మఫ్లరు చుట్టుకుని క్షేమంగానే ఉన్నారనుకుంటాను. ఫోన్లో మీకు "ఊఁ", "సరే" తప్ప మాట పెగలదని ఉత్తరాలకి దిగాం. తీరా చూస్తే ఉత్తరంలోనూ నాలుగే వాక్యాలు. అందులో మూడు ప్రశ్నలు. వరసగా జవాబు చెబుతున్నాను.

వంటింటి కొళాయి బాగైంది. ప్లంబరు వాషరు మార్చి, పాతదాన్ని నా చేతిలో పెట్టి మరీ వెళ్లాడు. అత్తయ్యకి కొత్త కళ్లజోడు వచ్చింది. పెట్టుకోగానే నన్ను ఎగాదిగా చూసి, "ఇంత చిక్కిపోయావేంటే?" అన్నారు. నేనేం చిక్కలేదు, పాత అద్దాల్లో లావుగా కనిపించానంతే.

"నీ బొమ్మల పని ఎంతవరకు వచ్చింది?" అన్నది మూడోది. దానికి కాస్త పెద్ద జవాబుంది.

మా ప్రయోగశాలలో మెదడు కణాల్ని కంప్యూటర్లో లెక్కలుగా కట్టి నడిపిస్తారు. వేల కణాలు. పక్కదాన్ని రెచ్చగొట్టేవి కొన్ని, నోరు మూయించేవి కొన్ని. ఏది ఎప్పుడు స్పందించిందో అంకెల కుప్పగా బయటికొస్తుంది. ఆ కుప్ప చూసి ఎవరికీ ఏమీ బోధపడదు. నా ప్రోగ్రాము దాన్ని తెరమీద బొమ్మగా ఆడిస్తుంది. రెచ్చగొట్టే కణం నారింజ రంగులో, నోరు మూయించేది నీలంలో మెరిసి ఆరిపోతాయి. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల చెయ్యిపెట్టి మార్చుకోవచ్చు, తప్పు కనబడితే నలుగురూ చూసేలా నన్ను దులపనూవచ్చు.

దులిపేవాళ్లలో, అసలు పేరు చెప్పకుండా "నత్త" అని రాసే ఒకాయన ఉన్నారు. కణాల్ని కలిపే గీత అంచు దగ్గర ఆగకుండా కణం లోపలికి దూరిపోయిందని ఆయన మొదటి ఫిర్యాదు. బాణాల తలలు గీతల్ని మించి బరువుగా ఉన్నాయని రెండోది. ఆదివారానికొకటి, ఒక్కోటీ రెండు పేజీలు. పైగా వెక్కిరింపులు: "ఈ పటంలో కణాలు మాట్లాడుకుంటున్నట్టు లేదు, బస్సులో సీటు కోసం తోసుకుంటున్నట్టుంది." కడుపుబ్బ నవ్వాను. చివర మాత్రం ఎప్పుడూ ఒకటే మాట, "గమనించగలరు."

ఏమండీ, ఫ్రిజ్ తలుపు మీద "పాలు అయిపోయాయి, గమనించగలరు" అని చీటీ అంటించే మనిషి లోకంలో ఎంతమంది ఉంటారు? మూడో ఫిర్యాదుకే పోల్చుకున్నాను. చెబితే మీరు సిగ్గుపడి చిప్పలోకి ముడుచుకుపోతారని పైకి అనలేదు. మన పెళ్లయ్యాక ఇంట్లో నేను విననన్ని మాటలు ఆ నత్తగారు నాతో ఆడుతుంటే ఎలా వదులుకోను?

ఇంతసేపూ దాటేస్తూ వచ్చిన సంగతి ఇప్పుడు చెబుతున్నాను. తప్పులు తగ్గేకొద్దీ మీ ఫిర్యాదులూ తగ్గాయి. అందుకని చిన్న చిన్న తప్పులు కంటపడినా దిద్దకుండా మీకోసం వదిలేయడం మొదలుపెట్టాను. ఒకచోట అక్షరం వంకర, ఒకచోట రంగు తేడా. ఎవరికేం నష్టంలే అనుకున్నాను. కిందటిసారి విడుదల చేసినదాంట్లో, బొమ్మని ఆపి మళ్లీ నడిపితే ఆరిపోవాల్సిన కణాలు కొన్ని వెలుగుతూనే ఉన్నాయి. చూశాను. ఒక్క లైను మారిస్తే చాలు. ఆదివారం మీరు పట్టుకుంటారులే అని ఊరుకున్నాను.

మీకేమో అక్కడ వంతెన స్తంభాల పటాలు గీసే పని నెత్తిమీద ఉండి, ఆ ఆదివారాలు నా బొమ్మ చూడనేలేదు. ఈలోగా వేరే ప్రయోగశాలలో ఒక పరిశోధక విద్యార్థిని ఆ బొమ్మ చూసి, రెండు గుంపుల కణాలు ఒకేసారి స్పందిస్తున్నాయని నమ్మింది. వారాల తరబడి దానిమీదే పనిచేసి తన గైడుకి చూపించింది. అంకెలతో సరిచూడమన్నారాయన. సరిపోలేదు. ఆ అమ్మాయి నాకు రాసింది: "నాకే వాడటం రాలేదేమో మేడమ్, క్షమించండి." తిట్టినా బాగుండేది.

వెంటనే దిద్దాను. ఆ అమ్మాయి తప్పేమీ లేదని, నేనే తెలిసి వదిలేశానని అందరూ చదివేచోట రాశాను. మా ప్రయోగశాల పెద్దావిడకీ చెప్పాను.

"ఇకమీదట నువ్వు చేసింది ఇంకొకరు చూసి సరేనంటేగానీ బయటికి వెళ్లదు. నమ్మకంగా చూసేవాళ్లెవరైనా ఉన్నారా?" అన్నారు.

"నత్తగారున్నారండీ."

"ఆయనెవరో తెలుసా నీకు?"

"మా ఆయనండీ."

ఆవిడ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "మొగుడైతే చూసీచూడనట్టు వదిలేయడూ?"

"ఆయన వదలరండీ. వదిలింది నేనే."

అదండీ సంగతి. మీరు ఒప్పుకుంటారా? కోపమొస్తే ముందు తిట్టి, తర్వాత ఒప్పుకోండి. ఇకమీద మీకోసం ఒక్క తప్పు కూడా మిగల్చను. నా భయమూ అదే. దిద్దడానికి ఏమీ లేకపోతే మీకు నాతో ఏం పని? తప్పు దొరక్కపోయినా రెండు పేజీలు రాయండి. నత్త పేరుతో సిగ్గు తీరితే అలాగే రాయండి, మీ పేరుతో అయితే ఇంకా సంతోషం.

మొదట్లో క్షేమమని రాశాను. అత్తయ్య మటుకు అది నిజమే. మీరు లేని ఇంట్లో నాకేం బాగాలేదు. గమనించగలరు.

ఇట్లు,
మీ ఇల్లాలు