పంకాకు పట్టిన పెంకులు

రాయచూరు,
6 ఏప్రిల్ 1994

పంపాపతి అన్నకు,

రాసేది లలితాంబను, తిరుమలేశ్ భార్యను. పేరు చూడగానే ఈ కాగితం మడిచి పక్కన పెట్టకు. తిట్టడానికి రాయడం లేదు. ఒక సంగతి అడగాలి, చెప్పగలిగినవాడివి నువ్వొక్కడివే.

ఆయన పోయి నలభై ఆరు రోజులైంది. ఆయనతో పాటు నువ్వు గోవా నుంచి తెచ్చిన సామాను సంచిని అత్తమ్మ ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు, నన్నూ ముట్టుకోనివ్వలేదు. మొన్న ఆదివారం తనే విప్పింది. రెండు అంగీలు, ఒక తువ్వాలు, గీకే ఇనుప బద్ద, నీళ్ళలో పెట్టుకునే కళ్ళద్దాలు. అడుగున గుప్పెడు తెల్లటి ముక్కలు. అత్తమ్మ వాటిని పళ్ళనుకుని కేక పెట్టింది. నేను చేతిలోకి తీసుకుని చూశాను. పళ్ళు కావు. సున్నంతో చేసినట్టున్న చిన్న పెంకులు, నడుమ బొక్క, అంచు బ్లేడులాగా ఉంది.

"ఏందివి?" అన్నది అత్తమ్మ.

"ఏమో తెల్వదు" అన్నాను.

ఆరేళ్ళు కాపురం చేసి, ఆయన ఏం గీకుతూ పోయాడో కూడా నాకు తెలియదు. పడవ కింద పని అనేవాడు. మీరిద్దరూ శక్తినగర్‌లో కృష్ణ ఒడ్డు పంపుల దగ్గర కాంట్రాక్టు పని చేసినప్పుడు ఏం చేస్తున్నారో నాకు కొంతయినా తెలిసేది. గోవా పోయాక తెలుసుకోలేదు. అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. అవి ఏంటి? పడవ కింద తిరిగే పంకాకు అవి ఎందుకు పడతాయి? పట్టకుండా చేయడానికి ఏమీ లేదా? మనిషి నీళ్ళలోకి దిగి గీకాల్సిందేనా?

నేను శక్తినగర్ కరెంటు ఫ్యాక్టరీ క్యాంటీనులో పనికి పోతూనే ఉన్నాను. పొద్దున ఆరింటి బస్సుకు ఎక్కుతాను, చిక్కసూగూరు దాటగానే పొగగొట్టాలు కనబడతాయి, దిగుతాను, బియ్యం కడుగుతాను. పోయిన వారం సాంబారు గుండిగ అంచు మీద చేయి పెట్టి అట్లనే నిలబడ్డానట. పక్కనున్న చెన్నవ్వ గట్టిగా లాగితే తెలిసింది. అరచేయి బొబ్బలెక్కింది. నొప్పి లేదు. ఇప్పటివరకు ఏడవలేదు కూడా. అందరూ ఏడ్చారు, నన్ను చూసి భయపడ్డారు.

నీ పేరు ఎత్తితే అత్తమ్మ అన్నం ముందు నుంచి లేచిపోతుంది. అందుకే ఇంటికి రమ్మనలేను. జవాబు క్యాంటీను చిరునామాకు రాయి.

లలితాంబ


యరగేర,
13 ఏప్రిల్

చెల్లెలు లలితాంబకు,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. రోజూ తీసి చదువుతున్నాను. నువ్వు అడిగింది పని గురించి కాబట్టి ముందు పని గురించే రాస్తాను. అది రాయడం నాకు చేతనవుతుంది.

వాటిని అక్కడ బార్నకిల్ అంటారు. పెంకులోపల చిన్న పురుగు ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు కంటికి కనిపించదు, సముద్రం నీళ్ళలో తిరుగుతూ ఉంటుంది. నిలిచి ఉన్నది ఏది దొరికినా తల ఆనించి అంటుకుంటుంది. ఒకసారి అంటుకుంటే ఇక అక్కడే, చుట్టూ సున్నం గోడ కట్టుకుని బతుకుతుంది. రోజూ తిరిగే పడవకు తక్కువ. మేము చూసుకునేవి షావుకార్ల తెరచాప పడవలు. వాళ్ళు బొంబాయి నుంచి నెలకో రెండు నెలలకో వస్తారు, తక్కిన రోజులు పడవ ఒడ్డుకు కట్టేసి ఉంటుంది. గాలి లేనప్పుడు నడపడానికి దాని కింద చిన్న ఇంజను, దానికి కంచు పంకా. ఆ పంకా రెక్కల మీద పెంకులు పడితే ఇంజను ఎంత తిరిగినా పడవ కదలదు, వణుకుతుంది.

పట్టకుండా చేయొచ్చమ్మా. దానికి మందు ఉంది. పడవ అడుగుకు వేసే రాగి రంగు పంకాకు పనికిరాదు. తిరిగేటప్పుడు నీళ్ళ ఒరిపిడికి పొరలుపొరలుగా ఊడిపోతుంది. పంకాను ఒడ్డున ఉన్నప్పుడే మెరిసేదాకా రుద్దాలి, నూనె తడి లేకుండా తుడవాలి, లోహాన్ని పట్టుకునే మొదటి పూత వేయాలి, దాని మీద జింకు కలిసిన పూత రెండుసార్లు. ప్రతి పూతకూ ఆరే గడువు ఇవ్వాలి. అది దొరకకపోతే గొర్రె ఉన్నిలోంచి తీసే జిడ్డును వేడి చేసి, పంకాను కూడా వెచ్చచేసి, చేత్తో మందంగా పట్టించాలి. పెంకు పిల్లకు పట్టు దొరకదు, జారిపోతుంది. ఇంకా తేలిక పని ఒకటుంది. పడవ నెలరోజులు కదలదని తెలిస్తే పంకాకు నల్ల ప్లాస్టిక్ సంచి తొడిగి మూతి బిగించి కట్టడం. కొత్త నీళ్ళు ఆడవు, లోపల ఏదీ బతకదు.

తిరుమలేశ్‌కు ఈ పని నాకంటే బాగా వచ్చు. ఆయన చివరిసారి ఏ పడవ కిందికి దిగాడో, పోయిన ఏడాది దాని పంకాకు ఆయనే పూత వేశాడు. సీజను మొత్తం ఒక్క పెంకు పడలేదు. ఈసారి అక్టోబరులో ఆ పడవ షావుకారు తొందర పెట్టాడు. పండక్కి స్నేహితులను తీసుకొస్తున్నాను, పడవ రేపు నీళ్ళలో ఉండాలి అన్నాడు. పూతకు నాలుగు రోజులు పడుతుందని తిరుమలేశ్ చెప్పి చూశాడు. "అడుగుకేసే రంగే దానికీ కొట్టండి" అన్నాడాయన. కొట్టాం. ఆరు వారాల్లో ఊడింది. అప్పటినుంచి నెలకోసారి దిగి గీకుతున్నాం.

ఒకరు దిగితే ఒకరు పైన ఉండాలి. ఇంజను దగ్గరకు ఎవరినీ రానివ్వకూడదు. ఆ రోజు పైన ఉండాల్సింది నేను. చాయ్ తాగడానికి పోయాను. నేను లేనప్పుడు షావుకారు వచ్చాడు, ఆయన దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. పడవలో ఎవరూ లేరనుకున్నాడు. ఇంజను వేసి గేరు మార్చాడు, పంకా తిరిగింది.

ఆయన్ను ఇంటికి తెచ్చిన రోజే మీ అత్తమ్మకు ఈ మాట చెప్పాను. "చాయ్ కోసం నా కొడుకును పోగొట్టినవా" అని చెప్పు తీసింది. కొట్టించుకోవాల్సింది, పక్కవాళ్ళు ఆపారు. పోలీసులకూ ఇదే చెప్పాను. మే తొమ్మిదిన గోవా కోర్టుకు రమ్మన్నారు. షావుకారు తరఫు వకీలు వచ్చి, ఇదే మాట అక్కడ చెబితే చాలు, మిగతాది మేం చూసుకుంటాం అన్నాడు. చెప్పి సంతకం పెడతాను. జైలుకు పంపితే పోతాను. ఇక్కడ కూర్చున్నా, అక్కడ కూర్చున్నా నాకు తేడా తెలియడం లేదు.

చేతికి మందు రాసుకో.

పంపాపతి


రాయచూరు,
17 ఏప్రిల్

అన్నా,

నువ్వు ఉత్తరమంతా నిజమే రాశావు, ఒక్క చాయ్ మాట తప్ప.

ఆ రోజు పది గంటల నలభై నిమిషాలకు నువ్వు నాతో ఫోన్‌లో ఉన్నావు. స్టేషన్ రోడ్డు ఎస్టీడీ బూత్ నుంచి చేశాను. మీ పడవల యార్డు ఆఫీసు గుమాస్తా ఎత్తాడు, తిరుమలేశ్‌ను పిలవమన్నాను, ఆయన నీళ్ళలో ఉన్నాడని నిన్ను పిలుచుకొచ్చాడు. అది అదే సమయమని నాకు తెలియదనుకున్నావా? లేక నేను మరిచిపోయినట్టు నటిస్తే సరేననుకున్నావా? నువ్వు ఇంటి ముందు నిలబడి అత్తమ్మతో "చాయ్ తాగనీకి పోయిన" అన్నప్పుడు నేను తలుపు వెనకే ఉన్నాను. నువ్వు నా వైపు చూడలేదు. అప్పుడే అర్థమైంది, నన్ను కాపాడుతున్నావని. నేను నోరు తెరవలేదు. అత్తమ్మ చెప్పు తీస్తే చూస్తూ నిలబడ్డాను.

ఎవరికీ చెప్పనిది ఇప్పుడు రాస్తాను. ఆ రోజు నేను క్షేమం అడగడానికి ఫోన్ చేయలేదు. దీపావళికి వస్తానని రాలేదు, సంవత్సరం మారినా రాలేదు. శివరాత్రికి వస్తానని రాసి, పని ఉందని మళ్ళీ రాశాడు. ఇంట్లో అత్తమ్మ, నేను, గోడలు. పొద్దున లేచి ఒక సంచిలో చీరలు పెట్టుకుని బూత్‌కు పోయాను. నువ్వు రాగానే ఏమన్నానో నీకు గుర్తుందో లేదో. నాకు ప్రతి మాటా గుర్తుంది.

"మీ దోస్తుకు చెప్పు. నేను మా అమ్మగారింటికి పోతున్న. మళ్ళ రాను. ఇంగ నాకు ఆయనతోని పని లేదు" అన్నాను.

"గట్ల అనకమ్మా. జర సేపట్ల పైకొస్తడు, నేనే మాట్లాడిపిస్త" అన్నావు.

అక్కడితో పెట్టేసి ఉంటే సరిపోయేది. పెట్టలేదు. ఆరేళ్ళదంతా నీ మీద కుమ్మరించాను. నువ్వు ఒకసారి అన్నావు, "అమ్మా, ఆయన నీళ్ళల్ల ఉన్నడు, పైన ఎవ్వరు లేరు, నేను పోవాల" అని. "ఎప్పుడు ఫోన్ చేసినా గిదే మాట, నువ్వు గుడ పెట్టేస్తవు" అన్నాను. ఆగావు. రెండోసారి అన్నావు. "జర ఆగన్నా, నా మాట ఇన్నంక పో" అన్నాను. మళ్ళీ ఆగావు. తొమ్మిది నిమిషాలు పట్టుకున్నాను నిన్ను. తర్వాత ఫోన్‌లో ఎవరో అరవడం వినిపించింది. నువ్వు రిసీవర్ వదిలేశావు. అది బల్లకు కొట్టుకుంటూ ఉంటే ఇవతల నేను ఇంకా నీ మీద కోపంగానే ఉన్నాను.

నువ్వు రెండుసార్లు చెప్పావు, పైన ఎవరూ లేరని. నాకు ఆ మాట అర్థం కాలేదు. ఆ పెంకులేంటి, పంకా ఏంటి, పైన ఒకరు ఎందుకు ఉండాలి, ఇవి తెలిసి ఉంటే పెట్టేసేదాన్నేమో. అందుకే నిన్ను అవన్నీ అడిగాను. తెలిశాక ఏమన్నా అవుతుందేమో, ఏడుపన్నా వస్తుందేమో అనుకున్నాను. ఏమీ కాలేదు. నీ ఉత్తరం మడిచి, గిన్నెలు కడిగి, బస్సెక్కి వచ్చాను.

కానీ ఒకటి తేల్చుకున్నాను. మే తొమ్మిదిన నువ్వు చాయ్ మాట చెప్పకూడదు. ఆఫీసు పిలిస్తే ఫోన్‌కు పోయానని చెప్పు. పూత వేయనివ్వలేదని చెప్పు. చూడకుండా ఇంజను వేసింది ఎవరో చెప్పు. ఫోన్ చేసినదాన్ని నేను, నేను వచ్చి చెబుతాను. అంతకంటే ముందు చెప్పాల్సినవాళ్ళు ఇంట్లో ఉన్నారు. అత్తమ్మకు ఈ వారం చెబుతాను. ఆమె నన్ను వెళ్ళగొడితే వెళ్ళిపోతాను.

లలితాంబ


రాయచూరు,
25 ఏప్రిల్

అన్నా,

"ఆ ఉత్తరం రాసిన సంగతే మరిచిపో, మీ అత్తమ్మకు చెప్పకు" అని నువ్వు పంపిన కార్డు శనివారం అందింది. అప్పటికే చెప్పేశాను.

గురువారం సాయంత్రం చెప్పాను. కరెంటు పోయి ఉంది. కరెంటు తయారయ్యే చోటికి రోజూ పోయి వస్తాను, ఇంట్లో మాత్రం విసనకర్రే. అత్తమ్మ గడప దగ్గర కూర్చుని విసురుకుంటోంది. ముందు చాయ్ మాట అబద్ధమని చెప్పాను. తర్వాత ఫోన్ సంగతి. తర్వాత నేను ఏమేమి అన్నానో అన్నీ, చీరల సంచితో సహా. నువ్వు పోతానని రెండుసార్లు అన్నదీ, నేను పోనివ్వనిదీ. నా గొంతు రేషను కార్డు చదివినట్టుంది. అత్తమ్మ విసనకర్ర ఆగిపోయింది. నేను చెప్పడం అయిపోయాక లేచి లోపలికి పోయి పడుకుంది.

శుక్రవారం మాట్లాడలేదు. శనివారం మాట్లాడలేదు. వండింది పెడితే తిన్నది, అంతే. నేను నా బట్టలు మళ్ళీ అదే సంచిలో సర్దుకున్నాను. పొమ్మంటే వెతుక్కోకుండా ఉండాలని.

నిన్న ఆదివారం. పొద్దున నేను పిండి కలుపుతుంటే వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. కొడుకు పేరు ఎత్తడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

"నువ్వు ఫోన్ల కొట్లాడిన సంగతి తిరుమలేశుకు తెల్సా?"

"తెల్వదు అత్తమ్మా."

"పంపాపతి చెప్పలే?"

"ఎట్ల చెప్తడు? మాట్లాడుతుంటెనే అయిపోయింది."

"అంటే నువ్వు ఇడ్సిపెట్టి పోతనన్నది వానికి తెల్వనే తెల్వదు."

"తెల్వదు."

"మరి వాడు నీళ్ళల్లకి దిగినప్పుడు ఇంట్ల పెండ్లాం ఉన్నదనే అనుకున్నడు" అన్నది.

"ఆఁ" అన్నాను.

"మంచిగైంది" అన్నది అత్తమ్మ. "గంతన్న మంచిగైంది."

అని నా ముందున్న పిండి గిన్నె తన వైపు లాక్కుని, "నీ చెయ్యి ఇంక మానలే, ఇటియ్యి" అని తనే రొట్టె తట్టడం మొదలుపెట్టింది. నా చేయి కాలిందని ఆమెకు తెలుసని నాకు తెలియదు. ఆ బొబ్బ అప్పుడు మండింది అన్నా. మొదటిసారి మండింది. నేను లేచి పెరట్లోకి పోయి నీళ్ళ తొట్టి దగ్గర నిలబడ్డాను. ఏడ్చానని రాయలేను, అంత రాలేదు. చేయి మాత్రం చాలాసేపు మండింది.

మధ్యాహ్నం అత్తమ్మ అడిగింది, ఆ పంకా పూత సంగతి ఏమిటని. నువ్వు రాసింది చదివి వినిపించాను. గొర్రె ఉన్ని జిడ్డు దగ్గర ఆపి, "గంత అలకటి పనా? గంత సులువా?" అన్నది. ఇంకోసారి చదవమన్నది. చివరికి, "ఆ పడవల కాడ ఇంక మంది ఉన్నరా దిగేటోళ్ళు?" అని అడిగింది. ఉంటారన్నాను. అందుకని నీకు ఒక పని. ఆ పద్ధతంతా, రుద్దడం నుంచి సంచి కట్టడం దాకా, విడిగా ఒక కాగితం మీద రాయి. పైన ఒక మనిషి ఉండాలన్నదీ, ఆ మనిషిని ఫోన్‌కు గానీ దేనికి గానీ పిలవకూడదన్నదీ రాయి. జడ్జికి ఒకటి ఇద్దాం, యార్డులో గోడకు ఒకటి అంటిద్దాం.

గోవా కోర్టుకు అందాలంటే మే ఏడున సాయంత్రం హుబ్బళ్ళి బస్సుకు పోవాలి. అత్తమ్మ కూడా వస్తానంటోంది. ఆమె అన్న మాట అన్నట్టే రాస్తున్నాను: "ఆ పంపాపతిని ముందురోజే రమ్మను. ఇంట్ల తిని పోదం. చెప్పు సంగతి వాడు ఎత్తొద్దు, నేను గుడ ఎత్తను."

ఆరో తేదీ రా.

నీ చెల్లెలు,
లలితాంబ