ముక్తసరి మనిషి ఆఖరి ఏర్పాట్లు

కడప జిల్లా రాయచోటి వాస్తవ్యుడనై, ప్రస్తుతం ఖతర్ దేశం దోహాలోని మెసైమీర్‌లో ఒక అరబ్బు ఇంట డ్రైవరుగా పనిచేయుచున్న షేక్ ఖాసీం పీరా అను నేను, ఎవరి బలవంతమూ లేకుండా, స్థిమితమైన బుద్ధితో, సొంత చేతితో రాసుకొన్న వీలునామా. గుండెనొప్పి రెండుసార్లు వచ్చి పోయింది. మళ్ళీ వస్తే అది పోదు, నేనే పోతాను.

దీని అమలు బాధ్యత మా జిల్లావాడే, దోహాలోనే ముషైరిబ్ పేటలో మనవాళ్ళ గదిలో ఉండే రామాంజులుది.

1. రాయచోటిలోని నా ఇల్లు షరియత్ వాటాల ప్రకారం నా భార్య ఫక్రున్నీసాకూ మిగతా హక్కుదారులకూ చెందవలెను. తూర్పు గోడ మాత్రం పూర్తిగా నా తమ్ముడు ఇక్బాల్‌కు. ఆ గోడ కోసమే వాడు నాతో మాట్లాడటం మానేశాడు. గోడ దక్కింది కనుక ఇక కోపానికి వాడు వేరే సాకు వెతుక్కోవాలి.

2. నా చేతి గడియారం రామాంజులుకు. శుక్రవారం సెలవుకు నేను అతని గదికి పోతే నాకోసం అన్నం మూతపెట్టి ఉంచేవాడు అతనే. మిగతా వారమంతా నాతో ఎవరైనా అన్నది ‘యల్లా’, పద అని, లేదంటే ‘ఖలాస్’, అయిపోయింది అని. గేటు పక్క గదిలో నేను చాలా ఒంటరిగా బతికాను. ఎవరికీ చెప్పలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

3. ఫక్రున్నీసా మాట్లాడి పంపిన క్యాసెట్లన్నీ తిరిగి ఆమెకే. మేక ఈనిందని, పక్కింట్లో తగువని, రెండు వైపులా నింపి పంపేది. నేను పంపినవాటిలో నా మాట కాసేపే, తర్వాతదంతా గదిలో ఏసీ చప్పుడు. ‘మీదంతా ముక్తసరి యవ్వారమే’ అని దెప్పింది. ఆ చప్పుడు కూడా చివరిదాకా విన్నానంది. అది విని నేను ఏడ్చాను.

4. ఆ ముక్తసరి గురించి. ఈ మాట అరబ్బుల ‘ముఖ్తసర్’ నుంచి వచ్చిందని మసీదులో రఫీయుద్దీన్ సాబ్ చెప్పాడు. వాళ్ళకది పెద్ద సంగతిని కొద్దిలో చెప్పే నేర్పట. మన ఊళ్ళో ఒకడు ముక్తసరిగా మాట్లాడాడంటే మనసులో ఏదో పెట్టుకున్నాడని.

మొదటి అర్థం వల్ల ఇక్కడి తెలుగువాళ్ళు నాకొక పని అంటగట్టారు. మనవాళ్ళు ఎవరు పోయినా ఊరికి ఫోను చేసేది నేనే. ‘ఖాసీమన్న ఏడవడు, తక్కువలో తేల్చేస్తాడు’ అని రిసీవరు నా చేతికిచ్చేవారు. ‘మీవాడు లేడు, ఇక్కడ మేమున్నాం, ధైర్యంగా ఉండండి’, ఇంతే చెప్పేవాణ్ణి. అది తప్పని నేను ఇప్పటికీ అనుకోను. చెప్పేవాడే ఏడిస్తే వినేవాళ్ళకు ఏమర్థమవుతుంది?

రెండో అర్థం ఫక్రున్నీసా పాలిట పడింది. నేను మనసులో ఏదో పెట్టుకున్నానని ఆమె అనుమానం. పెట్టుకున్నది ఆమెనే.

5. నన్ను ఇక్కడే ఖననం చేయవలెను. కాబట్టి ఆమెకు చేరేది ఒక్క ఫోనే. ఆ ఫోను రామాంజులు గదిలోనే ఉండే మెట్‌పల్లి బుచ్చన్న చేయవలెను. ఇతని వాగుడు పడలేక నేను అన్నం సగంలో లేచిపోయిన శుక్రవారాలున్నాయి. ‘జర మాట్లాడు కాకా, నోట్లె ముత్యాలు రాలిపోతయా?’ అని నన్ను ఆడుకునేవాడు. నా టేపు రికార్డరు అతనికి. ఈ సంగతి ముందుగా చెప్పవద్దు, ఇప్పుడే మొదలుపెడతాడు.

రాయచోటి ఎస్టీడీ బూత్‌లో జనం పల్చబడ్డాక ఆమెను పిలిపించాలి. ఆఖరున నేనేం తిన్నానో, నా జనాజా మోయడానికి ఎవరెవరు వచ్చారో, ఆ రోజు ఎండ ఎలా ఉందో చెప్పాలి. క్యాసెట్లో ఏసీ చప్పుడు మోగినంతసేపూ నేను ఆమెనే తలుచుకుంటూ కూర్చున్నానని చెప్పాలి. ప్రతి ఫోను చివరా ఆమె ‘ఇంకా?’ అని అడుగుతుంది. నేను ‘అంతే’ అని పెట్టేసేవాణ్ణి. బుచ్చన్న పెట్టేయకూడదు. ఆమె ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పాలి. ఆ రోజు ‘అంతే’ అనవలసింది ఆమె.

ముషైరిబ్, దోహా
8 నవంబరు 1996, శుక్రవారం

(సంతకం) షేక్ ఖాసీం పీరా

సాక్షులు:
రామాంజులు, ముషైరిబ్
రఫీయుద్దీన్, ముషైరిబ్