పంప్‌హౌస్ సరంగు

తార్నాక,
18 జూన్ 1995

ప్రియమైన నరహరికి,

నువ్వు బొంబాయి రైలెక్కిన దగ్గర్నుంచి మీ అక్క సమ్మక్క నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. తమ్ముణ్ణి సముద్రంలోకి తోసిన పాపం నాదేనట. బి.ఎస్సీ. మూడుసార్లు తప్పినవాణ్ణి ఇంకెక్కడికి తోయాలో మాత్రం చెప్పదు.

నువ్వూ గంగాధర్ ఒకే ఓడ ఎక్కుతున్నారని తెలిసి సగం బెంగ తీరింది. వాళ్లమ్మ ఈశ్వరమ్మ నిన్న పంప్‌హౌస్‌కు వచ్చింది. మొగుడి యూనివర్సిటీ గుమస్తా ఉద్యోగం కోసం కడప నుంచి వచ్చిన మనిషి, సముద్రం ఎలా ఉంటుందో ఆమెకేం తెలుసు? ఓడలో అన్నం పెడతారా, రొట్టెలేనా అని అడిగింది. అన్నమే పెడతారని చెప్పి పంపించాను.

ఇక్కడి బెంచీ మీద కొబ్బరితాడుతో మీ ఇద్దరికీ ముడులు నేర్పాను. ముడులు వస్తే సరిపోదు. పద్దెనిమిదేళ్లు ఓడల మీద బతికి, అందులో పదేళ్లు ఖలాసీల మీద సరంగుగా చేసి, నడుం దెబ్బతిని ఈ హాస్టళ్లకు నీళ్లు వదిలే మోటారు ముందు కూర్చున్నవాణ్ణి చెబుతున్నాను, విను.

నీ సీడీసీ, అదే ఓడ సర్వీసు లెక్క రాసే పుస్తకం, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకో. ఎక్కిన తేదీ, దిగిన తేదీ కెప్టెన్ చేత రాయించి ముద్ర వేయించుకోకుండా ఓడ దిగకు. ముద్ర లేని నెలలు నువ్వు సముద్రం మీద ఉన్నా లేనట్టే. రేవులో ఓడను కట్టేటప్పుడు తాడు బిగుస్తుంటే దాని దారిలో నిలబడకు. తెగిన తాడు కాళ్లు పట్టుకుపోతుంది. తాడు చుట్ట మధ్యలో పాదం పెట్టకు. వాంతులవుతున్నాయని పడుకుంటే ఇంకా పెరుగుతాయి, ఎండు రొట్టె నములుతూ పని చెయ్యి. తుప్పు గీకే పని ఎవరూ అడక్కపోయినా ఇస్తారు. చుక్కాని పట్టే పని అడిగినవాడికే ఇస్తారు. డ్యూటీ అయ్యాక వెళ్లి అడుగు, లేకపోతే ముసలివాడివయ్యేదాకా సుత్తితోనే ఉంటావు.

అన్నిటికన్నా ముఖ్యం సరుకు నింపే హోల్డు. మూసి ఉన్న గదిలో గాలి చచ్చిపోతుంది. లోపల ఎవడైనా పడిపోతే, వాడు నీ తోడబుట్టినవాడైనా సరే, వెంట దిగకు. గంట కొట్టు. ఊపిరి సిలిండర్లు తగిలించుకున్నవాళ్లు వచ్చేదాకా కదలకు. ఒకణ్ణి తేవడానికి దిగి మొత్తం ముగ్గురు పోవడం నేను కళ్లారా చూశాను. అసలు దిగే ముందే మూత దగ్గర ముక్కు పెట్టి చూడు. కంపు కొడితే దిగొద్దు, కంపు లేకపోతే దిగు. ఇప్పటి ఆఫీసర్లు గాలి కొలిచే మిషన్లు పట్టుకు తిరుగుతారట. మా కాలంలో ముక్కే మిషను. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా నన్ను మోసం చేయలేదు.

గంగాధర్‌కు కూడా చదివి వినిపించు.

నీ మేలు కోరే బావ,
రాజలింగం


సింగపూర్ రేవు,
6 ఆగస్టు 1995

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం బొంబాయి ఏజెంటు చేతుల మీదుగా ఇక్కడ అందింది. గంగాధర్ దాన్ని నా దగ్గర్నుంచి లాక్కుని తన పెట్టెలో దాచుకున్నాడు. నాకు కావాలంటే వాణ్ణి అడిగి తీసుకోవాల్సి వస్తోంది.

వాడు మొదటి నాలుగు రోజులు కక్కుతూనే ఉన్నాడు. తర్వాత నువ్వు చెప్పినట్టు ఎండు రొట్టె పట్టుకుని లేచాడు. ఇక్కడి సరంగు మా ముడులు చూసి మొదట నవ్వాడు, తర్వాత ఎవరు నేర్పారని అడిగాడు. గంగాధర్ "మా మామ" అన్నాడు. మెస్‌లో కూర వడ్డించినా ముందు ముక్కు పెట్టి చూసి "మామ పరీక్ష పాసైంది" అని గానీ తినడు. వంటవాడికి ఒళ్లు మండుతోంది.

నాకు రోజుకో గంట చుక్కాని ఇస్తున్నారు. అక్కకు చెప్పు. ఇక్కణ్ణుంచి మలేషియా వెళ్లి దుంగలు నింపుకుని కాండ్లా రేవుకు వస్తాం. గంగాధర్ వాళ్లమ్మకు అన్నమే పెడుతున్నారని చెప్పమన్నాడు.

ప్రేమతో,
నరహరి


తార్నాక,
20 నవంబరు 1995

ప్రియమైన నరహరికి,

గంగాధర్‌ను ఈ నెల మొదట్లో తెచ్చారు. పెట్టె తెరవనివ్వలేదు. నువ్వు వెంట వస్తావనుకున్నాం, రాలేదు. నెల దాటినా ఉత్తరం లేదు. కంపెనీ కాగితంలో మాత్రం రెండు ముక్కలున్నాయి: అనుమతి లేకుండా హోల్డులోకి దిగాడు, ఊపిరాడక పోయాడు. పైన నువ్వు ఉన్నావని, వెంట దిగకుండా గంట కొట్టావని కూడా ఉంది.

దాన్ని పట్టుకుని తార్నాకలో నోటికొచ్చినట్టు మాట్లాడుతున్నారు. స్నేహితుడు చస్తుంటే చూస్తూ నిలబడ్డాడట. నేను ఊరుకోలేదు. అందరి ముందూ ఈశ్వరమ్మతోనే అన్నాను. "నేను చెప్పింది చెప్పినట్టు చేస్తే ఇట్ల కాకపోవునమ్మా. నరహరి ఇన్నడు, బతికిండు. గంగాధర్ ఇనలే."

ఆమె కొంగు సర్దుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి పంప్‌హౌస్ ముందు నుంచి వెళ్తే తలెత్తదు. కొడుకు తప్పు చేశాడన్న సిగ్గు కాబోలు. ఇంత కఠినంగా చెప్పాలా అని మీ అక్క నన్ను తిట్టింది. నిజం కఠినంగానే ఉంటుంది మరి.

నువ్వు చేసింది ముమ్మాటికీ సరైన పని. శభాష్ అంటున్నాను. నాకు అర్థం కానిది ఒక్కటే. అన్ని సార్లు చెప్పాను కదా, వాడు అసలు ఎందుకు దిగాడు?

నీ బావ,
రాజలింగం


కాండ్లా,
15 డిసెంబరు 1995

ప్రియమైన బావకు,

శభాష్ అనొద్దు.

నిచ్చెన అడుగున వాడు పక్కకు ఒరిగి ఉన్నాడు. పై నుంచి కనిపిస్తూనే ఉన్నాడు. నేను గంట కొట్టి తిరిగి వచ్చేసరికి వాడి చెయ్యి ఇంకా కదులుతోంది. పిలుస్తున్నాడో, కొట్టుకుంటోందో తెలియదు. సిలిండర్లవాళ్లు వచ్చేదాకా మూత అంచు పట్టుకుని నిలబడ్డాను. రెండుసార్లు కాలు లోపల పెట్టి తీసేశాను. ఈ మాట ఇంకెవరికీ చెప్పలేదు.

ఎందుకు దిగాడని అడిగావు. నాకు తెలియదు.

ఈశ్వరమ్మ అత్తతో ఆ మాట అనకుండా ఉండాల్సింది. నన్ను ఎవరేమన్నా అననివ్వు. కాంట్రాక్టు అయిపోయినా నేను ఇంటికి రాను, ఇంకో ఆరు నెలలు రాసిచ్చాను. మళ్లీ ఈ రేవుకే వస్తాం. ఆమె ఎదురుపడితే ఏం చెప్పాలో తెలిసేదాకా తార్నాకలో అడుగుపెట్టలేను. అక్కకు ఏదో ఒకటి చెప్పు.

నరహరి


తార్నాక,
12 ఫిబ్రవరి 1996

ప్రియమైన నరహరికి,

నువ్వు రానన్నావని మీ అక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు. సరే, నీ ఇష్టం. మనసు బాగా లేనప్పుడు పనే మందు. నేనూ అదే చేస్తున్నాను.

గంగాధర్ సంగతి విన్నాక ఓడ మీదికి పోయే పిల్లలకు నేర్పకుండా ఉండటం పాపమనిపించింది. ఇప్పుడు సాయంత్రం మోటారు వేశాక అయిదుగురు వస్తున్నారు. హాస్టల్ కుర్రాళ్లు కూడా కిటికీలోంచి చూస్తారు. మొదటి పాఠం హోల్డే. చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పించుకుంటాను. ముక్కు పరీక్ష, తర్వాతే కాలు. మాట వినకపోతే ఏమవుతుందో గంగాధర్ పేరు పెట్టే చెబుతున్నాను. పేరు చెబితేనే బుర్రకెక్కుతుంది.

వారాసిగూడ గిరీష్ అందరిలోకీ చురుకు. వాడికి ఓడ దొరికింది. మార్చి తొమ్మిదిన బయల్దేరుతున్నాడు. మలేషియా దుంగల ఓడేనట. భయపడ్డాడు. నా మాట విన్నవాడికి భయం లేదని ధైర్యం చెప్పాను.

నీ బావ,
రాజలింగం


కాండ్లా,
2 మార్చి 1996

ప్రియమైన బావకు,

నిన్న మీ వీధి కిరాణా కొట్టుకు ఫోన్ చేసింది నేను చెప్పాల్సిన మాట చెప్పడానికే. నువ్వు వచ్చి హలో అన్నావు. నీ గొంతు వినగానే ఎండలెలా ఉన్నాయని అడిగి పెట్టేశాను. ఈ ఉత్తరం సికింద్రాబాద్ వెళ్తున్న మా వంటవాడి చేతికి ఇస్తున్నాను. గిరీష్ రైలెక్కేలోగా నీకు అందాలి.

తెలియదని రాసింది అబద్ధం. గంగాధర్ ఎందుకు దిగాడో నాకు తెలుసు.

దుంగలు కట్టిన గొలుసు వదులైందేమో చూడాలి. మిషను తెచ్చి గాలి కొలిచేదాకా ఆగమని చీఫ్ ఆఫీసర్ చెప్పి వెళ్లాడు. మూత తీసి ఉంది. గంగాధర్ మోకాళ్ల మీద వంగి ముక్కు పెట్టాడు. నన్నూ పెట్టమన్నాడు. కంపు లేదు బావా. సామిల్లు ముందు నిలబడినట్టు పచ్చి కట్టె వాసన, హాయిగా ఉంది. "మిషనెందుకురా, మామ పరీక్ష పాసైంది గదా" అని దిగాడు. నేను ఆపలేదు. నాకూ సరే అనిపించింది.

తర్వాత ఆఫీసర్ మా అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. పచ్చి దుంగలు మూసిన గదిలో మనం పీల్చే గాలిని తినేస్తాయి. మంచి గాలి లేదని ముక్కుకు తెలియదు.

నేను వెంట దిగకపోవడానికీ నీ ఉత్తరమే కారణం. అందుకే నిన్ను తిట్టలేను, మెచ్చుకోలేను. ఒంట్లో సగం బలం పోయి ఆ మోటారు దగ్గర కూర్చున్న మనిషికి సరంగు అన్న పేరు ఒక్కటే మిగిలింది, అది నేను తీసేయకూడదనుకున్నాను. తార్నాక నన్నే అననీ అనుకున్నాను. నువ్వు ఇంకో అయిదుగురికి అదే నేర్పుతున్నావని చదివాక ఆగలేకపోయాను. క్షమించు.

నరహరి


తార్నాక,
10 మార్చి 1996

ప్రియమైన నరహరికి,

నీ ఉత్తరం అయిదో తారీఖు అందింది. చదివి మొదట నీ మీద కోపం వచ్చింది. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అనుకున్నాను. మోటారు కట్టేయడం మరిచిపోయి ట్యాంకు పొర్లి రోడ్డంతా నీళ్లయ్యాయి. అప్పుడు లేచాను.

నా పద్దెనిమిదేళ్లూ లెక్క వేసుకున్నాను. నేనెక్కినవన్నీ సిమెంటు, ఎరువులు, పంచదార మోసిన ఓడలు. దుంగల ఓడ ఒక్కటీ ఎక్కలేదు. నేను చూసిన ఆ ముగ్గురూ పోయింది కంపు కొట్టే మురుగు ట్యాంకులో. అందుకే కంపు లేకపోతే చావు లేదనుకున్నాను. తెలియని సరుకు గురించి తెలిసినట్టు రాశాను. మిడిమిడి జ్ఞానమని ఇంకొకరిని అంటాం కానీ మనల్ని అనుకోం.

గిరీష్‌కు, మిగతా నలుగురికి ఆ సాయంత్రమే చెప్పాను. ముక్కును నమ్మొద్దు, మిషను కొలవందే కాలు పెట్టొద్దు, ఎంత పెద్ద సరంగు చెప్పినా వినొద్దు అన్నాను. "మరి ఇన్ని దినాలు గట్ల చెప్పినవేందన్నా?" అని గిరీష్ అడిగాడు. వాడు నిన్న రైలెక్కాడు. ఇక్కడ ఇక పాఠాలు లేవు. చౌరస్తా హోటల్లో కూడా చెప్పాను, నరహరిని ఎవరూ ఏమీ అనొద్దని, అనాలంటే నన్నే అనమని. నీకు చెప్పే మాట ఒక్కటే ఉంది. ఆ మిషను ఎలా వాడాలో ఆఫీసర్ దగ్గర కూర్చుని పూర్తిగా నేర్చుకో.

నాలుగు రోజులు ఈశ్వరమ్మ ఇంటి దాకా వెళ్లి తిరిగొచ్చాను. ఈ రోజు మీ అక్క తోడు వస్తే లోపలికి వెళ్లాను. కూర్చోలేదు. నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను, వాసన ముక్క కూడా. కడుపుకోతతో ఉన్న తల్లి, చెప్పు తీసుకుని కొట్టినా పడదామనే వెళ్లాను.

ఆమె తలెత్తి నా వైపు చూసి అడిగింది. "అయితే నా కొడుకు నీ మాట ఇన్న్యాడా అన్నా?"

విన్నాడమ్మా అన్నాను.

ఆమె లోపలికి తిరిగి వాళ్లాయనను కేకేసింది. "ఏమయ్యా, ఇంటివా? మనోడు మాట ఇన్న్యాడంట. తప్పేం చేయలేదంట." చెబుతూ చెబుతూ గడపలోనే కూలబడి ఏడ్చింది. నాలుగు నెలలుగా ఆ మనిషి తలెత్తకుండా నడిచింది నా ఒక్క మాట వల్ల. తిట్టలేదురా నరహరీ, నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు.

నువ్వు ఇంటికి రా.

నీ బావ,
రాజలింగం