మా తొట్టిలో చేప

నాన్నా, ఇక్కడ అందరం కులాసా, కార్డు చూసి కంగారుపడకు.

మా అద్దకాల వీధిలో ఎవరి రంగునీళ్లు వాళ్లే బొగ్గులో వడకట్టి చేపతొట్టిలోకి వదలాలి. చేప చస్తే ఆ ఇంటివాళ్లే గంట కొట్టి రంగుల పొయ్యి ఆర్పాలి. ఈ కట్టుబాటు పెట్టించింది నేనే. పొద్దున మా చేపే వెల్లకిలా తేలింది. "ఎవరూ చూళ్లేదు, ఇంకోటి తెచ్చి వేసేద్దాం" అన్నారు మీ అల్లుడు. నేను గంట కొట్టేశాను. అప్పట్నుంచీ ఆయనకు నాతో మాటల్లేవు. బొగ్గు మార్చి, అందరి ఎదుటా కొత్త చేపను వదిలాం. అది రేపటిదాకా బతికితేనే పొయ్యి వెలిగేది.

నీ రోజుల్లో నీళ్లు తేటపడటానికి ఏం కలిపేవాడివో వెంటనే రాయి. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? తమ్ముడికి దీవెనలు. నా మొండితనం నీ పోలికే, కనుక తిట్టకు. తొట్టి పక్కనే కూర్చుని రాస్తున్నాను. చేప ఇంకా ఈదుతోంది.

నీ పెద్దమ్మాయి