కాంభోజికి నిద్రపోరాదు

జనవరి 1, 2019, మంగళవారం

కొత్త సంవత్సరం, కొత్త డైరీ, కొత్త సూర్యారావు!

తీర్మానం: ఈ నెలాఖరులోగా కాంభోజి రాగాన్ని ఆస్వాదించడం నేర్చుకుంటాను. పూర్తిగా. మెలకువగా.

కారణం కూడా రాసుకోవాలి, లేకపోతే పట్టుదల సడలిపోతుంది. మా ఆవిడ ఫణిశ్రీ విజయనగరంలో పద్ధతిగా సంగీతం నేర్చుకున్న మనిషి. రెండేళ్ల క్రితం ఇక్కడి తెలుగు సంఘం త్యాగరాజ ఉత్సవంలో పాడింది. నేను స్టేజీ మెట్ల పక్కన, మైకుకి దగ్గరగా కుర్చీ వేసుకున్నాను. కాంభోజి ఆలాపన మొదలైంది. నా గురకా మొదలైంది. మైకు ఇద్దరినీ సమానంగా అందుకుంది. వెనక వాళ్లు శ్రుతిపెట్టె పాడైందనుకున్నారట. ఒకాయన లేచి వచ్చి దాన్ని రెండు దెబ్బలు కొట్టాడు కూడా! ఆ తర్వాత ఆవిడ స్టేజీ ఎక్కలేదు. నన్నేమీ అనలేదు. అనకపోవడమే అసలు బాధ.

ఇప్పుడు సంఘం వాళ్లు మళ్లీ అడిగారు. ఇరవయ్యేడో తారీకు. ఆదివారం. (ఆరాధన తిథి ఎప్పుడొచ్చినా రాయపూర్‌లో ఆదివారమే వస్తుంది.) ఆవిడ ఒప్పుకుంది. షరతుతో.

"మీరు ముందు వరసలో కూచోవాలి. ఇంటికొచ్చీక ఏది బాగుందో చెప్పాలి. అంతా బాగుందీ అంటే ఒప్పుకోను. ఈసారి గానీ పడుకున్నారంటే, ఈ జన్మకి మరి స్టేజీ ఎక్కను."

"ఓస్, ఇంతేనా! కాంభోజి నా అభిమాన రాగం" అన్నాను. నాకు పేరు తెలిసిన రాగం అదొక్కటే.

జనవరి 2, బుధవారం

మా అమ్మాయి భాగ్యశ్రీ నా ఫోన్‌లో నలభై నిమిషాల కాంభోజి ఎక్కించింది. "బెస్ట్ ఆఫ్ లక్ నాన్నా" అంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆఫీసు నుంచి రాగానే సోఫాలో వాలి, ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. అద్భుతం! ఏమి ప్రశాంతత! మొదటి ఐదు నిమిషాలు పూర్తిగా ఆస్వాదించాను. మిగతా ముప్పై ఐదూ కూడా ఆస్వాదించే ఉంటాను, లేచేసరికి ఒళ్లు చాలా తేలిగ్గా ఉంది.

జనవరి 4, శుక్రవారం

వరసగా మూడో రోజు కాంభోజి. వరసగా మూడో రోజు సోఫా.

మొదటి రోజు ఐదు నిమిషాలు పట్టింది. ఈ రోజు మూడే. రాగం తొందరగా పట్టుబడుతోందన్నమాట.

జనవరి 6, ఆదివారం

గురువు దొరికాడు! భీమారావు గారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. పలాస మనిషి. రాయపూర్‌లో ఏ తెలుగువాళ్ల కచేరీ జరిగినా ముందు వరస చివరి కుర్చీ ఆయనదే. పొద్దున్నే రైల్వే కాలనీకి వెళ్లి నా కష్టం చెప్పుకున్నాను.

"నిద్దర ఎందుకొస్తాదో తెలుసేటయ్యా సూర్యారావూ? చెయ్యి ఖాళీగా ఉంటే వస్తాది. నా సర్వీసంతా చేతిలో జెండా ఉండబట్టే మేలుకున్నాను. నీకూ చేతికి పని చెప్తాను, కాసుకో."

ఆది తాళం! ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. మళ్లీ దెబ్బ, తిప్పు. దెబ్బ, తిప్పు. ఎనిమిది. మళ్లీ మొదలు. తొడ మీద. ఎంత సులువు! ఇన్నేళ్లూ ఇది తెలియక నిద్రపోయాను.

సంగీతం మొత్తం ఈ ఎనిమిదిలోనే ఉందని నా అభిప్రాయం.

జనవరి 9, బుధవారం

తాళం ఒంటికి పట్టేసింది. పళ్లు తోముకుంటూ తాళం. భన్‌పురి దారిలో లారీల వెనక స్కూటర్ ఆపుకుని తాళం. పప్పు కలుపుకోబోతూ తాళం (ఫణిశ్రీ పీటతో సహా కొంచెం దూరం జరిగింది).

మధ్యాహ్నం చిన్న పొరపాటు. మా మిల్లులో ఇనుప చువ్వల కట్టలు లారీకి ఎక్కించేటప్పుడు లెక్క పెట్టేది నేనే. పక్కన నిలబడి లెక్క పెట్టాను. దెబ్బకొకటి, వేలికొకటి. చెయ్యి తిప్పినప్పుడు కట్ట ఎక్కలేదని లారీ అభన్‌పూర్ వెళ్లిపోయాక తెలిసింది. తిప్పినవి కూడా కలిపేశాను. అకౌంట్లు చూసే ప్రేమ్‌చంద్ పరిగెత్తుకొచ్చాడు.

"సాబ్, ఆఠ్ లిఖా హై, పార్టీ బోల్తీ హై ఛే హీ ఆయా!"

ఎనిమిది రాశాను, ఆరే చేరాయట. అభన్‌పూర్ డీలరు ఫోన్‌లో ఛత్తీస్‌గఢీలో చాలాసేపు తిట్టాడు. తాళం తప్పకుండా విన్నాను.

జనవరి 12, శనివారం

ఘోరం!

పొద్దున్న ఫణిశ్రీ దేవుడి గదిలో సాధన చేస్తోంది. నేను అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాను. ఆవిడ అలా కాంభోజి ఎత్తుకుంది, నేను ఇలా నిలువునా కునికాను. నుదురు అద్దానికి తగిలి లేచాను. అద్దం నిండా సబ్బు.

భాగ్యశ్రీకి అనుమానం వచ్చింది. పరీక్ష పెట్టింది. పేరు చెప్పకుండా ఫోన్‌లో ఒక్కొక్క రాగమే వేసింది. మొదటిది, మెలకువ. రెండోది, మెలకువ. మూడోది, మెలకువే, బఠాణీలు కూడా తిన్నాను. నాలుగోది వెయ్యగానే బఠాణీ నోట్లోనే ఉంది, నేను లేను.

"నాన్నా! నువ్వు కాంభోజి గుర్తుపట్టేశావు! పక్కా! ఒక్కసారి కూడా గలత్ కాలేదు!"

విషయం అర్థమైంది. పది రోజుల పాటు రోజూ సోఫాలో పడుకుని విన్నాను కదా, కాంభోజి అంటే నిద్రవేళ అని ఒళ్లు నేర్చేసుకుంది. లోకంలో రాగం గుర్తుపట్టడానికి జనం ఏళ్ల తరబడి కష్టపడతారు. నాకు రెప్పలే చెప్పేస్తాయి. రోట్లో తలదూర్చి రోకటి పోటుకి వెరవరాదంటారు. నేను రోలూ రోకలీ రెండూ కొనుక్కుని తెచ్చుకున్నాను.

జనవరి 15, మంగళవారం

పండగ. అరిసెలు. సాధన లేదు.

జనవరి 16, బుధవారం

నిన్నటి అరిసెల బరువు. సాధన లేదు. అయినా అతిగా వింటే రాగం మీద మోజు పోతుందని ఎక్కడో చదివాను. ఎక్కడో గుర్తులేదు.

జనవరి 19, శనివారం

మెలకువకి ప్రయత్నాలు:

పచ్చిమిరపకాయ నమలడం. మెలకువ వచ్చింది, ఎక్కిళ్లు కూడా వచ్చాయి. ఎక్కిళ్లు తాళంలో లేవు.

ఫిల్టర్ కాఫీ మూడు గ్లాసులు. ఆలాపన మధ్యలో రెండుసార్లు లేవాల్సి వచ్చింది.

నిలబడి వినడం. గోడకి చేరబడ్డాను. ఇంకేం రాయను.

ప్రేమ్‌చంద్ మంచి ఉపాయం చెప్పాడు. వాళ్ల నాన్న అఖండ రామాయణ పారాయణాల్లో కూర్చునేవాడట. "ఆంఖ్ కే నీచే థోడా బామ్, సాబ్. నీంద్ కా బాప్ భీ నహీ ఆయేగా."

కళ్ల కింద కాస్త తలనొప్పి బామ్ రాస్తే నిద్ర బాబు కూడా రాడట! ఆఫీసులోనే పరీక్షించాను. నిద్ర రాలేదు. కన్నీళ్లు ఆగలేదు. అభన్‌పూర్ డీలరు అదే సమయానికి వచ్చి, నా అవతారం చూసి, "జానే దో భయ్యా, దో బండల్ కీ హీ తో బాత్ హై" అని, రెండు కట్టలదేముందిలే పొమ్మని, భుజం తట్టి ఓదార్చి వెళ్లాడు.

జనవరి 22, మంగళవారం

పిరికితనం. దాచడం ఎందుకు.

భోజనాల దగ్గర అనేశాను. "ఆదివారం స్టాక్ చెకింగ్ పెట్టారు. రాలేనేమో."

నిద్రపోతే ఆవిడ జన్మలో పాడదు. నేను అసలు రాకపోతే నిద్రపోయే ప్రశ్నే లేదు కదా! ఎంత తెలివైన ఆలోచన!

ఫణిశ్రీ మజ్జిగ పోసింది. "సరే" అంది. అంతే.

జనవరి 23, బుధవారం

పొద్దున్న దేవుడి గదిలో శ్రుతిపెట్టె మోగలేదు. గడ్డం మొత్తం గీసుకున్నాను, ఒక్క చోట కూడా తెగలేదు, కునుకు రాలేదు. ఇల్లంతా కుక్కరు కూత తప్ప ఇంకేమీ లేదు.

భాగ్యశ్రీ నా దగ్గరికి వచ్చి మెల్లిగా చెప్పింది. "అమ్మ సంఘం సెక్రటరీకి ఫోన్ చేసింది. గొంతు బాలేదని చెప్పేసింది. అమ్మ గొంతు ఏకదమ్ ఠీక్ ఉంది నాన్నా."

నాకు నామీద అసహ్యం వేసింది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆవిడ నన్ను అడిగింది ఏమిటి? మేలుకుని ఉండమని అడిగింది. అదీ ఒక్క పూట.

వంటింట్లోకి వెళ్లాను.

"స్టాక్ చెకింగ్ లేదు."

"నాకు తెలుసండి. మీ మిల్లుకి ఆదివారం సెలవు. ఇరవయ్యేళ్ల బట్టీ."

"నాకు కాంభోజి అంటే నిద్ర వస్తోంది ఫణీ. భయం వేసి అబద్ధమాడాను. సెక్రటరీకి ఫోన్ చేసి గొంతు బాగైపోయిందని చెప్పు. వస్తాను. ముందు వరసలోనే కూర్చుంటాను."

ఆవిడ తాలింపులోంచి తల ఎత్తలేదు. కానీ సాయంత్రం శ్రుతిపెట్టె మోగింది. నేను బాల్కనీలో సోఫాకి దూరంగా నిలబడి విన్నాను. ఎంత సంతోషంగా ఉందంటే, నిలబడే నిద్రపోయాను.

జనవరి 27, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సంఘం హాలు నిండింది. నేను ముందు వరస మధ్య కుర్చీలో. కుడి పక్కన సెక్రటరీ. చివర భీమారావు గారు. కళ్ల కింద రెండు పొరల బామ్.

రెండు చిన్న కృతులు అయ్యాయి. బాగానే ఉన్నాను. మూడోది కాంభోజి. ఫణిశ్రీ కళ్లు మూసుకుని కింది నుంచి ఆలాపన ఎత్తుకుంది. రెప్పలు బరువెక్కాయి. బామ్ పనిచేసింది, కన్నీళ్లు ధారలు కట్టాయి. చేతికి పని చెప్పాను. దెబ్బ, చిటికెన, ఉంగరం, మధ్య, దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు!

సెక్రటరీ నా కన్నీళ్లు చూశాడు, నా చెయ్యి చూశాడు. గాయని గారి భర్త, తెలిసినవాడు అనుకుని తనూ తాళం అందుకున్నాడు. ఆయన పక్కావిడ అందుకుంది. వరసంతా అందుకుంది. వెనక వరస కూడా. హాల్లో సగం మంది తొడలు చరుచుకుంటున్నారు. చివర కుర్చీలోంచి భీమారావు గారు రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నారు. మెచ్చుకుంటున్నారనుకుని ఇంకాస్త గట్టిగా వేశాను.

ఆలాపనకి తాళం ఉండదట!

రాగం ఒక్కటే విచ్చలవిడిగా సాగే చోటట అది. తాళం కృతి మొదలయ్యాకనట. ఆ ముక్క ఆయన ఆ ఆదివారం చెప్పనేలేదు. (కచేరీ అయ్యాక అన్నారు: "బండి లేని లైన్లో జెండా ఊపుతావేటయ్యా! ఇది కూడా చెప్పాలేటి!")

చప్పుడుకి ఫణిశ్రీ కళ్లు తెరిచింది. యాభై చేతులు తిరగడం చూసింది. వయొలిన్ ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. ఆవిడ పెదవి బిగబట్టింది. ఆగలేదు. మైకులోనే పకాలున నవ్వేసింది. పాట ఆగిపోయింది.

నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను.

ఆవిడ మంచినీళ్లు తాగింది. మళ్లీ కళ్లు మూసుకుంది. మళ్లీ అట్టడుగు నుంచి మొదలెట్టింది.

బామ్ కన్నీళ్లలో కొట్టుకుపోయింది. చేతులు ఖైదులో ఉన్నాయి. వినడం తప్ప గతిలేదు. విన్నాను. ఆవిడ మెల్లిగా ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. పై షడ్జం దాకా వచ్చింది, అందుకోలేదు, దిగిపోయింది. మళ్లీ వచ్చింది. గుమ్మం దాకా వచ్చి కాలింగ్ బెల్ కొట్టకుండా వెళ్లిపోయే చుట్టంలాగ మళ్లీ దిగిపోయింది. నాకు కోపం వచ్చింది. నిజమైన కోపం! మూడోసారి కూడా అంచు దాకా వచ్చి అక్కడే తిరుగుతుంటే, నోరు జారింది.

"అబ్బ! ఇంకెంతసేపు!"

హాలంతా వినబడింది. సెక్రటరీ నన్ను పురుగుని చూసినట్టు చూశాడు. వెనకెవరో "పాపం ఆ తల్లి" అన్నారు. అయిపోయింది అనుకున్నాను. నా కాపురం కూడా.

ఫణిశ్రీ వెంటనే పై షడ్జం అందుకుంది. అందుకుని అక్కడే నిలబడింది. ఎంతసేపో. నా ఒళ్లు ఝల్లుమంది. ఈసారి కన్నీళ్లకి బామ్‌తో సంబంధం లేదు.

తర్వాత చాలా హాయిగా అనిపించింది. చాలా, చాలా హాయిగా. తర్వాత గుర్తున్నది చప్పట్లు.

జనవరి 28, సోమవారం

రాత్రి స్కూటర్ మీద ఇంటికొచ్చాం. తాళం తీస్తూ అడిగింది.

"చెప్పండి. ఏది బాగుంది?"

"నువ్వు పైదాకా వెళ్లి, అందుకోకుండా దిగిపోయావు చూడు. మూడుసార్లు. నాకు ఒళ్లు మండిపోయింది. అందుకే అరిచాను. విసుగొచ్చి కాదు ఫణీ. ఒట్టు. ఆ పైది నాకు కావాలి, నువ్వు ఇవ్వటం లేదు."

ఆవిడ తాళం ఊడదీసి గొళ్లెం తీసింది. తర్వాత అంది. "మీరు అరవకపోతే ఇంకోసారి దిగుదును. ఇంక పైది ఇచ్చీమని మీరే చెప్పారు. తరవాత?"

"తరవాత నిద్రపోయాను."

"ఎక్కడ?"

"కృతి మొదట్లో. తాళం ఉన్నచోట."

తల వంచుకుని నిలబడ్డాను. ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. షరతు గుర్తుంది. రాత్రంతా అదే దిగులు.

ఈ పొద్దున్న గడ్డం గీసుకుంటుంటే దేవుడి గదిలో శ్రుతిపెట్టె మోగింది. ఏదో రాగం ఎత్తుకుంది. ఇది కాంభోజి కాదు. ఎలా తెలుసంటే, నేను నిలబడే ఉన్నాను! సగం గడ్డంతో పరిగెత్తాను.

"ఏంటిది?"

"తోడి. ఉగాదికి భిలాయి వాళ్లు రమ్మన్నారు. నిన్న హాల్లోనే అడిగీసారు." నా సబ్బు మొహం చూసి నవ్వు ఆపుకుంది. "పడుకుంటే ఎక్కనన్నాను, నిజమే. కానీ నాకు కోప్పడీవాళ్లు కావాలి, ముందు వరసలో. అది అయ్యేక పడుకోండి."

కొత్త తీర్మానం! ఉగాదిలోగా తోడి రాగాన్ని ఆస్వాదించడం నేర్చుకుంటాను. పూర్తిగా. పడుకుని వినరాదు. ఆలాపనలో చేతులు జేబులో.

భాగ్యశ్రీ గంటసేపటి తోడి ఫోన్‌లో ఎక్కించి ఇచ్చింది. ఆఫీసుకి వెళ్లే ముందు కుర్చీలో నిటారుగా కూర్చుని మొదలుపెట్టాను. పది నిమిషాలైంది. ఇంకా ఎక్కడా కోపం రాలేదు. వస్తుంది.