దక్షిణపు మెట్లకు తలుపు

బొబ్బిలి కాపురస్తుడు, కీర్తిశేషులు అప్పలసూరి గారి కుమారుడు, విశ్రాంత చరిత్రోపన్యాసకుడు నరసింగరావు వ్రాసిన వీలునామా. నా మతి స్థిమితముగా ఉన్నదని డాక్టరు గారు, లేదని నా కుమారుడు ఉమాపతి అభిప్రాయపడుచున్నారు. నా ఓటు డాక్టరు గారికి వేసి, మెజారిటీ ప్రకారం ఈ దస్తావేజు వ్రాయుచున్నాను.

1. మాగాణి యావత్తు ఉమాపతికి. ఇందులో తగవు లేదు. తగవంతా మామిడితోటలోని మంటపం గురించి.

2. సదరు మంటపం వివరములు: గోగునార వర్తకులైన మా తాతగారు ఒక దొరగారి గోడ మీద ఇంగ్లీషు పల్లె బంగళా తాలూకు తోట మంటపం పటము చూచి, అచ్చం అట్లే కట్టించినారు. నాలుగు గుండ్రని స్తంభాలు, వాటిపై ముక్కోణపు నుదురు, ఆపైన గుమ్మటం, ఎదుట విశాలమైన మెట్లు. బొబ్బిలి ఎండలను లెక్కచేయక చలిమంట పొయ్యి కూడా పెట్టించినారు. అందులో నేటివరకు నిప్పు పడలేదు. పిల్లి మాత్రం ఏటేటా ఈనుచున్నది. పొయ్యి ఆ పిల్లి సంతతికే చెందవలెను.

3. గోడలు లేచిన పిమ్మట, మెట్లు దక్షిణముఖమని సిద్ధాంతి గారు కనిపెట్టినారు. యముడు నేరుగా లోపలికి వచ్చునను భయమున గుమ్మం మూసి గోడ కట్టి, వెనుక ఉత్తరాన చిన్న తలుపు పెట్టినారు. అది మొదలు మా ఇంటికి వచ్చిన ప్రతి పెద్దమనిషీ మెట్లెక్కి, గోడను పరామర్శించి, దిగి, చుట్టూ తిరిగి వచ్చుచున్నాడు. నా భార్య జగ్గమ్మ ఒక్కతే మెట్లను సద్వినియోగపరచి, వాటిపై మిరపకాయలు ఎండబెట్టుచున్నది.

4. "గుమ్మం నేని కొంప మనకేటికి నాన్నా? పడగొట్టీసి కల్లం సేసుకుంతాను" అని ఉమాపతి వాదన. అందుచేత, నేను పోయిన దినమున ఆ గోడ తెరచి, తలుపు పెట్టి, నన్ను ఆ మెట్ల మీదుగానే తీసుకొనిపోవలెను. యములవారిని ఇంతకాలం గోడ ముందు నిలబెట్టినందుకు అది కనీస మర్యాద. తదుపరి గుమ్మం లేదను వాదన చెల్లదు. మంటపం జగ్గమ్మ అనుభవములో ఉండవలెను. ఉమాపతి పడగొట్టినచో ఒకటవ అంశము రద్దు.

5. పై అంశములు చదివి వినిపించగా జగ్గమ్మ తెలిపిన అభ్యంతరము: "ఏటి, సచ్చినాక మీరు గుమ్మంలోంచి దర్జాగా ఎల్తారా? బతికున్న నాను సుట్టూ తిరిగి దొడ్డిదారినొస్తానా?" అభ్యంతరము అంగీకరించడమైనది. కావున గోడ తెరచు దినము "రేపు" అని దిద్దడమైనది. నన్ను తీసుకొనిపోవు దినము మార్చలేదు. మొదట మెట్లెక్కి లోపలికి పోవలసినది జగ్గమ్మ. మిరపకాయలు ఒక ప్రక్కకు జరుపవలెను.

బొబ్బిలి, 14-2-1968
(సంతకం) నరసింగరావు

సాక్షులు:
1. డాక్టరు వెంకటరావు, మతి విషయమున మొదటి ఓటరు
2. గంగరాజు, తాపీమేస్త్రి, రేపు ఉదయం గునపముతో హాజరగును