భుజానికి తగలని తుపాకి

నాన్నా,

నువ్వు లేకుండానే బాతుల వేట సీజన్ వచ్చింది. పోయిన వారం పట్టపగలే ఎవరో మన కిటికీ అద్దం పగలగొట్టి, "మీ దేశం పొండి" అని అరిచి పోయారు. నీ పన్నెండు గేజ్ షాట్‌గన్ పేలిస్తే నా భుజం కమిలిపోతుంది కదా, అందుకని దానికన్నా గొట్టం సన్నగా ఉండే ఇరవై గేజ్‌ది కొన్నాను.

"ఇది వెనక్కి తన్నదమ్మాయ్. బాతులకీ, ఇంటికీ చాలు," అన్నాడు షాపాయన.

"ఇంటికి అంటే, ఎవరి మీదకే?" అంది పక్కనే ఉన్న అమ్మ.

నువ్వు తీసుకెళ్ళే చెరువు దగ్గరే పేల్చి చూశాను. నిజంగానే నొప్పి లేదు. అంత తేలిగ్గా పేలేసరికి నాకు భయం వేసింది.

అమ్మకీ వేసినట్టుంది. డ్యూటీ నుంచి వచ్చాక, తాళంచెవి చేతిలోనే ఉన్నా, గుమ్మం బయట ఆగి "నేనేనే, అమ్మని!" అని కేకేసి గానీ తలుపు తియ్యడం లేదు.